ఏడు నీళ్ల పిండి

కుప్పయ్యను ఎండలో నిలబెట్టి అప్పటికి రెండు గంటలు దాటింది. నెత్తిమీద మనిషి నడుమంత లావున్న మొద్దు. కాళ్లకింద పెనంలా కాలుతున్న బండ. మొద్దు జారితే ఇంకో గంట నిలబెడతానన్నాడు మేస్త్రీ మునిరామయ్య. అన్నవాడు తునికి చెట్టు నీడన కూచుని చుట్ట కాలుస్తున్నాడు.

కుప్పయ్య చేసిన నేరం ఒకటే. కొట్టమన్న చెట్టును కొట్టలేదు.

చుట్టూ ఇరవైమంది యానాదులు నిలబడి చూస్తున్నారు. ఇరవైమంది చేతుల్లోనూ గొడ్డళ్లున్నాయి. మేస్త్రీ చేతిలో ఉన్నది వెదురు బెత్తం. అయినా ఎవరూ నోరు విప్పలేదు. భయం అనేది చేతిలో ఏముందో లెక్కపెట్టి రాదు. పుట్టినప్పటినుంచి రోజూ కొంచెం కొంచెం తాగిస్తే ఒంటికి పట్టిపోతుంది.

నాగులమ్మ కుప్పయ్య అక్క. నలభై అయిదేళ్ల మనిషి. మొగుడు పోయి పదేళ్లయింది. ఆమె చేతిలోని గొడ్డలి కిందపెట్టి, తమ్ముడి పక్కకు నడిచి, మొద్దు కింద తన భుజం పెట్టింది.

"ఏం మే, నిన్ను పిలిస్తినా?" అన్నాడు మునిరామయ్య.

"పిలవలేదు సామీ. వాడొకడే మోయలేకుండా ఉండాడని వచ్చినా."

"వాడు మొయ్యాల్సిందే. సెట్టు కొట్టమంటే కొట్టనన్నాడు."

"కాయలతో ఉండే సెట్టు సామీ. కాయల సెట్టును గూడా కొట్టేస్తే ఇంగ మొలిసేది ఏముండాది?"

"మొలిస్తే నాకేమి, మొలవకుంటే నాకేమి? కంట్రాక్టరు కొట్టమన్నాడు. కొట్టాల."

లేచి వచ్చి బెత్తంతో ఆమె పిక్కలమీద రెండేట్లు వేశాడు. నాగులమ్మ కదల్లేదు. మూడో ఏటుకు మేస్త్రీకే విసుగొచ్చి, అందరిలోకీ పెద్దవాడైన పెంచలయ్య వైపు తిరిగి, "రేయ్ ముసలోడా, నువ్వు కొట్టు," అన్నాడు. పెంచలయ్య గొడ్డలి ఎత్తాడు. పది దెబ్బలకు చెట్టు ఒరిగింది. దాని నెత్తిన వలయంలా అమరివున్న పసుపుపచ్చ కాయలు తెగి, బండమీద దొర్లుకుంటూ లోయలోకి పోయాయి. అవి దొర్లుతున్న చప్పుడు ఆగేదాకా అందరూ వింటూ నిలబడ్డారు.

ఆ చెట్టు పేరు పేరీత.

చూడటానికి ఈతచెట్టులా ఉంటుంది గాని ఈత కాదు. నల్లగా కాలినట్టుండే బోదె, నడినెత్తిన గొడుగులా విచ్చుకున్న ఆకు. అందులో పోతు వేరు, పెంటి వేరు. పోతుచెట్టుకు నెత్తిన మూరెడు కంకి వస్తుంది. పెంటిచెట్టుకు కాయలు. మామండూరు పైన, తిరుమల కొండల వెనకవైపు, కార్తీకంలో మబ్బు దిగివచ్చి బండలమీద కూచునే ఎత్తుల్లో మాత్రమే పెరుగుతుంది. పెంచలయ్య పడుచువాడుగా ఉన్నప్పుడు ఒక తెల్లదొర వచ్చాడు. పెంచలయ్యే ఆయన పెట్టె మోశాడు. చెట్టు చుట్టూ తిరిగి బొమ్మ గీసుకుని, ఇది ఈ కొండల్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదని ఆయన దుబాసీతో చెప్పించాడు. యానాదులకు అది కొత్తగా తోచలేదు. వాళ్ల గుంపు కూడా ఈ కొండల్లో తప్ప ఇంకెక్కడా బతకలేదు.

ఈ చెట్టు ఎదగడం మనిషి కంటికి ఆనదు. నాగులమ్మ తాత చిన్నప్పుడు మోకాలెత్తున్న చెట్టు, తాతను మట్టిచేసిన నాటికి నడుమెత్తుకు వచ్చింది. ఆడకూతుళ్లు పోతుచెట్ల కంకులు కోసి తిరుపతి మందుల అంగళ్లకు అమ్ముకునేవాళ్లు. ఒక్క కంకి ఎక్కువ కోస్తే అడవి కచేరీ గార్డు వీపు చిట్లగొట్టేవాడు. అది సర్కారు చెట్టట. అదే సర్కారు ఇప్పుడు చెట్లకు చెట్లే నరుక్కోమని కంట్రాక్టరు వరదరాజులు చేతికి కాగితం ఇచ్చింది.

వరదరాజులుకు రేణిగుంట స్టేషను పక్కన మిల్లుంది. యుద్ధంలో జపానువాడు మలయాను పట్టుకున్నప్పటినుంచి ఓడల్లో సగ్గుబియ్యం రావడం నిలిచిపోయింది. యుద్ధం ముగిసి ఏడాది కావస్తున్నా రావడం లేదు. మద్రాసులో బట్టల మిల్లులకు గంజి కావాలి, ఆస్పత్రుల్లో రోగులకు జావ కావాలి. పేరీత బోదె చీలిస్తే లోపల తెల్లటి మూలుగ, ఆ మూలుగ నిండా పిండి ఉంటుందని ఎవరో వరదరాజులు చెవిన వేశారు. ఆ వేసవికే కొండమీద గొడ్డళ్లు మోగాయి. దారి తెలిసినవాళ్లు, చెట్టు తెలిసినవాళ్లు యానాదులే కాబట్టి వాళ్లచేతనే వాళ్ల చెట్టు కొట్టించాడు. కూలి, మనిషికి రోజుకు రెండు శేర్ల రాగులు.

వానలు లేని ఏడాది. అడవిలో దుంప దొరకడం లేదు. రాగులంటే యానాదులు ఒప్పుకున్నారు.

మొదటి రెండు నెలలూ రాగులే వచ్చాయి. మూడో నెల బండి దిగినప్పుడు మూటల్లో బూడిదరంగు పిండి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకోగానే నాగులమ్మకు తెలిసిపోయింది. అది పేరీత పిండి. నీళ్లలో తేల్చి తీసిన తెల్లపిండి మద్రాసు బండి ఎక్కింది. అడుగున మిగిలిన పిప్పిని దంచి కూలీలకు పంపారు.

ఆ రోజు వరదరాజులు కూడా కొండకిందికి వచ్చాడు. జట్కాలో కూచునే ఉన్నాడు, దిగలేదు. నాగులమ్మ దోసెడు పిండి పట్టుకుపోయి ఆయన ముందు నిలబడింది.

"సామీ, దీన్ని ఇట్లనే తినకూడదు. ఇసం ఉంటాది."

"మీ తాతలు తిన్నదే గదా?"

"తిన్నారు సామీ. కరువొచ్చినపుడు తిన్నారు. సెట్టును సంపకుండా పక్కపిలక ఒకటి కోసి, బిళ్లలు తరిగి ఎండబెట్టి, ఏడు దినాలు ఏడు నీళ్లు మార్సి తిన్నారు. తొలినీళ్లు తాగిన కుక్క బతకదు. మా అవ్వ నాకు నేర్పించింది."

"అయితే నువ్వూ ఏడు నీళ్లు పోసుకో. ఎవరొద్దన్నారు?"

"నీళ్లేవి సామీ? ఉండే ఒక్క ఊటకీ మీరు మొద్దులు నానబెట్టేదానికి తొట్లు కట్టుకుంటిరి. మా ఆడోళ్లు తాగేదానికి ఒక కడవ ముంచుకుంటేనే మేస్త్రీ తరమతా ఉండాడు."

వరదరాజులు ఆమె మొహం చూడకుండా మేస్త్రీతో అన్నాడు: "తింటే తినమను. లేకుంటే పస్తుండమను. పని మానితే పోలీసోళ్లకు చెప్పి మగోళ్లందరి పేర్లూ కేడీ రిజిస్టరులో ఎక్కిస్తానని చెప్పు."

యానాదులకు ఆ మాట చాలు. రిజిస్టరులో పేరెక్కితే రోజూ స్టేషనుకు పోయి వేలిముద్ర వేయాలి. ఊళ్లో ఏ కోడి పోయినా తన్నులు తినాలి. పెంచలయ్య యవ్వనమంతా అట్లాగే గడిచింది. మూటలు మోసుకుని అందరూ గుడిసెలకు పోయారు.

నాగులమ్మ గుడిసె గుడిసెకూ తిరిగి చెప్పింది, ఓర్చుకోండి, నాలుగు నీళ్లన్నా మార్చండి అని. కొందరు విన్నారు. కుప్పయ్య పెళ్లాం చెంచమ్మ రెండు రోజులు విన్నది. మూడో రోజు పొద్దున, ఒక్క నీళ్లు మార్చిన పిండితో జావ కాచి తాగింది. ఆకలి ముందు ఏడు రోజులంటే ఏడేళ్లు.

ఎండ ఎక్కకముందే వాంతులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి కాళ్లు పడిపోయాయి. "వదినా, కాళ్లు యాడ ఉండాయో తెలీడం ల్యా," అన్నది. నాగులమ్మ ఆ కాళ్లను ఒళ్లో పెట్టుకుని రుద్దింది. చింతపండు నీళ్లు పట్టించింది, ఆకు నూరి పోసింది. తనకు తెలిసిన మందులన్నీ అయిపోయాయి. పొద్దు వాలకముందే చెంచమ్మ పోయింది. అదే రోజు పెంచలయ్య కూతురు పోయింది. మర్నాడు ఇంకొక ముసలాయన. పదిహేనుమంది మంచాలు దిగలేని స్థితిలో మిగిలారు.

గ్రామ మునసబు వచ్చి ముక్కుకు గుడ్డ కట్టుకుని దూరంనుంచి చూసి కలరా అని రాసుకున్నాడు. కొండకింది దారికి అడ్డంగా తాడు కట్టించాడు. ఇద్దరు తలారులను కాపలా పెట్టాడు. యానాదులెవరూ తాడు దాటి ఊళ్లోకి రాకూడదు. మరి మొద్దులెత్తిన బండ్లు? వాటికి తాడు వదులు చేసేవాళ్లు. మొద్దుకు కలరా రాదు కాబట్టి.

బండ్లు తోలేవాళ్లలో సుల్తాన్ పెద్దవాడు. రేణిగుంటవాడు, యాభై ఏళ్లుంటాయి. చెంచమ్మను మట్టిచేసిన మూడోనాడు అతను బండి ఆపి, నాగులమ్మ గుడిసె ముందు నిలబడి అడిగాడు.

"నిజం చెప్పు చెల్లే. కలరానా?"

"కలరా అయితే ఊట నీళ్లు తాగే మేస్త్రీకి రాకూడదా అన్నా? పిండి తినిన ఇండ్లలోనే పడిపోయినారు. తిననోళ్లకి ఏం కాలేదు."

సుల్తాన్ ఎద్దుల మోరలు నిమిరాడు. పోయేముందు దోసెడు పిండి రుమాలులో కట్టివ్వమన్నాడు.

రెండు రోజుల తర్వాత అతని బండిలో ఇంకొకడు కూడా వచ్చాడు. ఎద్దులకు గడ్డి వేసే మనిషిలా తలకు తుండుగుడ్డ చుట్టుకుని తాడు దాటాడు. సుందరరాజు అతని పేరు. రేణిగుంట రైలు షెడ్డులో ఫిట్టరు, కార్మికుల సంఘంలో మనిషి. మద్రాసు పేపర్లు చదివినవాడు, రెండుసార్లు జైలు చూసినవాడు. సుల్తాన్ రుమాలులోని పిండి చూసే వచ్చాడు. ఎండిన వాగు ఇసుకలో అందరూ గుంపుగా కూచున్నారు. మేస్త్రీ ఆ రోజు కొత్త గొడ్డళ్ల కోసం మిల్లుకు పోయాడు.

సుందరరాజు సూటిగా మొదలుపెట్టాడు. "తాసీల్దారుకు అర్జీ పెడదాం. మూడు చావులు జరిగినాయి. కూలి రాగుల్లోనే ఇవ్వాలని అడుగుదాం."

కుప్పయ్య లేచాడు. పెళ్లాం పోయిననాటినుంచి వాడు ఎవరితోనూ మాట్లాడలేదు. "అర్జీ ఏంది అన్నా? మేస్త్రీగాణ్ణి నాకు వదిలిపెట్టు. గొడ్డలి నూరుకునే ఉండా."

"కూసో కుప్పయ్యా," అన్నది నాగులమ్మ. "వాణ్ణి నరికితే రేపు ఇంకో మేస్త్రీ వస్తాడు. నిన్ను ఉరి తీస్తారు. ఒకరు పోయింది సాలదా?"

"అయితే ఏం సెయ్యమంటావు?"

"గొడ్డలి కింద పెట్టమంటా. నీదొకటే కాదు, అందరివీ. రేపటినుంచి ఒక్క సెట్టూ కొట్టం."

గుంపులో అలజడి లేచింది. "కొట్టకుంటే కూలి ఎవరిస్తారు?" అన్నాడొకడు. "ఆ పిండి గూడా రాదు," అన్నదొక ఆడకూతురు. సుందరరాజు చేయి ఎత్తాడు.

"నాగులమ్మా, చెట్టు సంగతి తర్వాత చూద్దాం. ముందు తిండి. తిండి కోసమంటే బయట కార్మికులు నిలబడతారు. చెట్టు కోసమంటే ఎవరికి అర్థమవుతాది?"

"నీకు అర్థం గాలేదా నాయనా?" అన్నది నాగులమ్మ. ఆమె గొంతు పెంచలేదు. "ఈ సెట్టు మాకు కరువుకూడు. మంచికాలంలో ముట్టుకోం. మా అవ్వ ఒక కరువు దాటింది, మా అమ్మ ఇంకొక కరువు దాటింది, దీంతోనే. ఒక్క పిలక కోసి, సెట్టును బతకనిచ్చి దాటినారు. ఆయప్ప మూడు నెలల్లో మూడు వందల సెట్లు కొట్టించినాడు. అవి పెరిగేదానికి ఎన్ని తరాలు పట్టినాయో నువ్వు సదువుకున్నోడివి, నువ్వే సెప్పు. రేపు రాగులిచ్చి సెట్లన్నీ కొట్టించుకుంటాడు. ఎల్లుండి సెట్లుండవు, రాగులుండవు, వాడుండడు. మేముంటాం, ఉత్త బండలమీద. నీ షెడ్డులో మిసన్లు పీకి అమ్ముకుంటా మీకు కూలి ఇస్తామంటే మీ సంఘం ఊరుకుంటాదా?"

సుందరరాజు ఇసుకలో వేలితో గీతలు గీశాడు. "ఊరుకోదు," అన్నాడు. "నేను తప్పు చెప్పినా. రెండూ ఒకటే."

"మాటలు బాగుండాయి," అన్నాడు పెంచలయ్య. "పని మానేసి పదిదినాలు ఏం తినాల?"

అప్పుడు మాట్లాడినవాడు సుల్తాన్. అంతవరకూ బండి పక్కన తలవంచుకుని నిలబడివున్నాడు.

"మీ రాగులు రేణిగుంటలో ఉండాయి," అన్నాడు.

అందరూ అటు తిరిగారు.

"కొండకూలీలకని సర్కారోళ్లు కంట్రోలు రాగులిస్తా ఉండారు. నెలనెలా వస్తా ఉండాయి. నేనే స్టేషనునుంచి మిల్లు గోడౌనుకు తోలినా. పది దినాలకు సగం మూటలు మళ్లా నేనే ఎక్కించుకుని, తావుతావుకూ పోయి ఎక్కువ రేటుకు కొనే అంగళ్లలో దించినా. ఎవరి రాగులని అడగలేదు. బాడిగ ఇచ్చినారు, తీసుకున్నా. మొన్న మూటమీద చీటీ సుందరరాజన్నకు చూపిస్తే చదివి చెప్పినాడు. ఈ నెల రాగులు ఇంకా కదల్లేదు."

కుప్పయ్య ఒక్క ఎగురున పోయి అతని చొక్కా పట్టుకున్నాడు. "నా పెండ్లాం పిండి తిని సచ్చిపోతే నువ్వు రాగులు తోలతా ఉండావా?"

సుల్తాన్ చేతులు ఎత్తలేదు. "తోలినా అబ్బా. కొట్టు."

నాగులమ్మ మధ్యలో పోయి తమ్ముడి వేళ్లు ఒక్కటొక్కటిగా విడిపించింది. "ఈయన సెప్పకుంటే మనకు ఎవురు సెప్తారు? మన సేత్తో మన సెట్టు కొట్టించినారు. ఈయన సేత్తో మన కూడు తోలించినారు. ఇద్దరం ఒకే కాడి కింద ఉండాం. ఇప్పుడు ఇద్దరం దించుదాం."

ఆ మాటతో ఆ రోజు సభ ముగిసింది. తీర్మానం రాసినవాళ్లు లేరు. వాగు ఇసుకలో గొడ్డళ్లు ఒకటొకటిగా కుప్పపడ్డాయి. వాటిని ఆడవాళ్లు ఎత్తుకుపోయి ఎక్కడో దాచారు. మర్నాడు మునిరామయ్య కొత్త గొడ్డళ్లతో వచ్చేసరికి పట్టుకునే చెయ్యి ఒక్కటి లేదు. తిట్టాడు, బెత్తం ఊపాడు, పోలీసుల పేరు చెప్పాడు. గుడిసెల ముందు కూచున్న మనుషులు అతనివైపు చూస్తూ కూచున్నారు. వాళ్లు అలా కళ్లెత్తి చూడటం అతనికి కొత్త. మెల్లగా దిగిపోయాడు.

మూడోనాడు తెల్లవారుతూనే అరవైమంది కొండ దిగారు. ముందు నాగులమ్మ, నెత్తిమీద మూతపెట్టిన కుండ. తాడు దగ్గర తలారులు అడ్డొచ్చారు.

"కలరా ఊరోళ్లు దాటకూడదు."

"కలరా అయితే నువ్వు దూరంగా పో అబ్బా," అన్నది నాగులమ్మ. "మేం పోతా ఉండాం."

తలారులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లూ కూటికి ఆ పని చేస్తున్నవాళ్లే. ఒకడు తాడు కిందికి దించి పక్కకు తప్పుకున్నాడు.

రేణిగుంట మిల్లు ముందు అప్పటికే ముప్పై బండ్లు అడ్డంగా నిలబెట్టివున్నాయి. ఎద్దుల్ని విప్పేశారు. కాడిమాన్లు నేలమీద ఆనివున్నాయి. లోపల మద్రాసుకు పోవలసిన పిండి మూటలున్నాయి. స్టేషను దగ్గర ఖాళీ వ్యాగను నిలబడివుంది. హమాలీలు దాని నీడలో కూచుని బీడీలు కాలుస్తున్నారు, మూట ముట్టేది లేదని చెప్పి. షెడ్డు కూత కూసినాక సుందరరాజు వెంట నూరుమంది రైలుకార్మికులు మసి చేతులతోనే వచ్చారు. చుట్టుపక్కల రైతుకూలీలు వచ్చారు. ఊళ్లో జనం వింత చూడటానికి వచ్చి, విని, అక్కడే నిలబడిపోయారు.

చంద్రగిరినుంచి తాసీల్దారు వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. నలుగురు పోలీసులు వెంట ఉన్నారు. వరదరాజులు మిల్లు అరుగుమీద ఆయనకు కుర్చీ వేయించాడు. గొడుగు పట్టించాడు.

"వీళ్లను బయటివాళ్లు రేపెట్టినారండీ," అన్నాడు వరదరాజులు. "చచ్చింది కలరాతో. మునసబు రాసినాడు. పిండి మంచిది. నా మిల్లు పేరు చెడగొట్టడానికి చేసే పని."

తాసీల్దారు గుంపువైపు చూశాడు. "మీలో మాట్లాడేదెవరు?"

సుందరరాజు ఒక అడుగు వేయబోయి ఆగి, వెనక్కు తిరిగి నాగులమ్మను చూశాడు. ఆమె ముందుకు నడిచింది. కుండ దించి అరుగుమీద పెట్టింది. మూత తీసింది. లోపల బూడిదరంగు జావ, ఇంకా గోరువెచ్చగా ఉంది.

"ఇది మీరిచ్చిన పిండి," అన్నది వరదరాజులుతో. సామీ అనలేదు. ఆమె నోట ఆ మాట రాకపోవడం కుప్పయ్య గమనించాడు. వరదరాజులూ గమనించాడు. "నా మరదలు ఎట్ల కాసిందో అట్లనే కాసినా. ఒక్క నీళ్లు మార్సినా. ఉప్పు గూడా ఏసినా. మంచిది అంటా ఉండారు గదా. ఒక ముంత తాగండి. మీరు తాగితే మేం కొండెక్కి గొడ్డలి పట్టుకుంటాం."

తగరపు ముంతతో ముంచి ఆయన ముందు పట్టుకుంది.

"యానాదిదాని చేతికూడు నేను తాగేదేందే?" అన్నాడు వరదరాజులు. అయితే ఆ మాటలో బలం లేదు. అందరూ ముంతవైపు చూస్తున్నారు. తాసీల్దారూ చూస్తున్నాడు. వరదరాజులు కళ్లు అటూ ఇటూ తిరిగి మేస్త్రీమీద ఆగాయి. "మునిరామయ్యా, నువ్వు తాగి చూపీరా. వీళ్ల నోళ్లు మూయించు."

మునిరామయ్య ముందుకు వచ్చాడు. ముంత అందుకున్నాడు. పెదవుల దగ్గరదాకా తీసుకుపోయాడు. ఆ వాసన అతనికి తెలుసు, ఆ పిండి మూటలు పంచిందతనే. చెంచమ్మ గుడిసె ముందునుంచి నడిచి పోయిందీ అతనే. ముంత ఒరిగి జావ మణికట్టు మీద ఒలికింది.

"తాగరా," అన్నాడు వరదరాజులు.

"నాకు బిడ్డలుండారు సామీ," అన్నాడు మునిరామయ్య.

గట్టిగా కూడా అనలేదు. గుంపులో చిట్టచివర నిలబడినవాడికి కూడా వినబడింది. అతను ముంతను అరుగుమీద పెట్టి, మొలలో దోపుకున్న బెత్తం తీసి దాని పక్కన పెట్టి, ఎవరివైపూ చూడకుండా జనంలోంచి దారి చేసుకుని వెళ్లిపోయాడు.

తర్వాత కుప్పయ్య గొంతులోంచి ఏడుపో అరుపో తెలియనిదొకటి వచ్చింది. అరవైమంది ముందుకు నడిచారు. వాళ్ల వెనక బండ్లవాళ్లు, వాళ్ల వెనక మసి చేతులవాళ్లు. తాసీల్దారు లేచి "ఆగండి, విచారణ చేస్తాం," అంటూనే ఉన్నాడు. "మూడు శవాలు లేసినాయి విచారణ లేకుండానే," అన్నాడు పెంచలయ్య ఆయన పక్కనుంచి పోతూ. డెబ్బై ఏళ్లలో ఒక అధికారికి ఆయన చెప్పిన మొదటి ఎదురుమాట అది.

గోడౌను తలుపు సుందరరాజు షెడ్డునుంచి తెచ్చిన గునపంతో తెరుచుకుంది. లోపల మూటలు వరసగా ఉన్నాయి. ఒక్కో మూటకూ చీటీ కుట్టివుంది. సుందరరాజు ఒక చీటీ చింపి పైకి పట్టుకుని చదివాడు: "కొండ కూలీలకు, రాగులు." మళ్లీ చదవమన్నారు. మళ్లీ చదివాడు. చదువురాని జనం ఆ మూడు మాటల్ని నోటితో తిప్పుకున్నారు.

దోపిడీ జరగలేదు. వాళ్లను దొంగలని రాసుకున్న సర్కారు ఇది చూసివుండాల్సింది. నాగులమ్మ గుమ్మంలో కూచుని శేరుతో కొలిచింది. జబ్బుపడ్డవాళ్లున్న ఇళ్లకు ముందు. గుడిసెకు ఇంతని సమానంగా. ఒక మూట విప్పబోయిన ఊరి మనిషిని, "అది పక్కకోన కూలోళ్లది అన్నా, ముట్టుకోవద్దు," అని ఆపింది. అతను సిగ్గుపడి ఆ మూట తానే ఎత్తి బండిమీద వేశాడు. సుల్తాన్ ఎద్దుల్ని కట్టాడు. ఈసారి బండి కొండవైపు తిరిగింది.

తిరుపతినుంచి పోలీసు లారీలు వచ్చేసరికి ఆఖరి బండి కనుమరుగైంది. గుమ్మంలో ఇంకా కూచునేవుంది నాగులమ్మ, చేతిలో శేరు పట్టుకుని. పారిపొమ్మని కుప్పయ్య చేయి పట్టి లాగాడు.

"యాడికి పోవాల? మనం ఏం దొంగిలించినామని?" అన్నది. "నువ్వు పో. కొండమీద ఉండు. ఎవుర్నీ గొడ్డలి పట్టుకోనీయొద్దు."

లాఠీలు లేచాయి. మొదటి దెబ్బ నాగులమ్మ శేరు పట్టుకున్న చేతిమీద పడింది. మణికట్టు ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినబడింది. సుందరరాజు తల పగిలింది. సుల్తాన్‌ను కొండదారిలో పట్టుకుని బండి చక్రానికి కట్టి కొట్టారు. పెంచలయ్యను కూడా వదల్లేదు. మొత్తం పందొమ్మిది మందిని పట్టుకున్నారు. దోపిడీ, దొమ్మీ, కలరా ఉత్తర్వు ఉల్లంఘన అని రాశారు.

మర్నాడు వాళ్లను రైల్లో చిత్తూరు తీసుకుపోదామనుకున్నారు. బేడీలు వేసి ప్లాట్‌ఫారం మీద కూచోబెట్టారు. ఇంజను డ్రైవరు దిగివచ్చి, సుందరరాజు తలకు కట్టిన నెత్తుటి గుడ్డ చూసి, ఇంజనులో ఏదో చెడిందన్నాడు. ఏం చెడిందని స్టేషను మాస్టరు అడిగితే, చూడాలన్నాడు. సాయంత్రం దాకా చూస్తూనే ఉన్నాడు. చివరికి లారీ ఎక్కించారు. పూతలపట్టు కూడలిలో ఇంజను చల్లార్చడానికి లారీ ఆగినప్పుడు, ఎలా తెలిసిందో, వేరుశనగ చేలల్లో పనిచేసే ఆడవాళ్లు రోడ్డుకు వచ్చి కడవలతో నీళ్లు అందించారు. పోలీసులు వద్దన్నా ఆగలేదు. "మీదే కొండ?" అని అడిగారు. నాగులమ్మ చెప్పింది. "ఏ సెట్టు?" అని అడిగారు. అదీ చెప్పింది.

చిత్తూరు జైల్లో ఆడవాళ్ల గదిలో ఏడుగురున్నారు. నాగులమ్మ చేతికి బద్దలు వేసి కట్టారు. పదిరోజులు కొండనుంచి కబురు లేదు. ఆమెకు నిద్రలో కూడా ఒకటే ఆలోచన. ఆకలి మళ్లీ గెలిచిందేమో. వరదరాజులు దక్షిణంనుంచి కూలీలను తెప్పిస్తున్నాడని వార్డరు ఒకరోజు నోరుజారాడు. ఆర్కాడు పక్కవాళ్లట, లారీల్లో వస్తున్నారట. వాళ్లకు పేరీతంటే ఏం తెలుసు? వాళ్లూ ఆకలితో వచ్చేవాళ్లే. కొట్టమంటే కొడతారు. ఆ తర్వాత రెండు రోజులు నాగులమ్మ జైలుకూడు ముట్టలేదు.

పదకొండోనాడు పొద్దున పెద్దగేటు దగ్గర గోల వినబడింది. తలుపు కమ్మీల్లోంచి చూసింది. లారీలోంచి మనుషుల్ని దించుతున్నారు. ముప్పైమంది, నలభైమంది, ఇంకా దిగుతున్నారు. కుప్పయ్య కనిపించాడు, ఒక కన్ను వాచి మూసుకుపోయివుంది. తన గుంపువాళ్లు కనిపించారు. అయితే సగం మొహాలు ఆమె ఎన్నడూ చూడనివి. నల్లగా, బక్కగా, అరవం మాట్లాడుతున్న మగవాళ్లు, ఆడవాళ్లు.

ఆడవాళ్లను ఆమె గదిలోకే తోశారు. అందులో ఒకామె, చంకలో బట్టలమూటతో, గోడవారన బెదురుగా నిలబడింది.

"ఏ ఊరు మీది?" అని అడిగింది నాగులమ్మ.

"గుడియాత్తం పక్కం," అన్నది ఆమె. తెలుగు కొంచెం కొంచెం వచ్చు. "సెట్టు కొట్టే పని అని తీసుకొచ్చినారు. రాగి ఇస్తామని."

"కొట్టినారా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "దారిలో మీ ఆడోళ్లు కూసోని ఉండారు. మాకు సంగటి పెట్టినారు. మూడు సమాధులు సూపించినారు. దాని తర్వాత మమ్మల్ని తీసుకొచ్చిన మేస్త్రీ గొడ్డలి ఇచ్చినాడు." ఆమె ఖాళీ చేతులు చూపించింది. "ఎవురూ తీసుకోలేదు."

నాగులమ్మ ఆ చేతులవైపు చూసింది. తర్వాత గదిలో ఉన్నవాళ్ల వైపు తిరిగింది.

"జరగండి మే," అన్నది. "ఇంకా వస్తా ఉండారు."